చక్రం మీద ఒక పౌండు

పరీక్ష ముప్ఫై సెకన్లు. అర్నీ కాళ్లు పంతొమ్మిదో సెకనులోనే చచ్చిపోయాయి.

అయినా ఆగలేదు. మిగిలిన పదకొండు సెకన్లూ ఒక్కో తొక్కుడుకీ ఒళ్లంతా వాల్చి, నేలకి బిగించిన సైకిల్‌ని ఈడ్చాడు. పక్కన పరీక్ష నడిపే నోరీన్ గొంతు చించుకుని అరుస్తోంది. "తొక్కు, తొక్కు, వదలకు నాన్నా, ఇంకా ఎనిమిది, ఇంకా ఏడు." ఇరవై రెండేళ్లుగా విన్నిపెగ్‌లోని ఆ హాల్లో ప్రతి జూన్‌లోనూ ఆమె అలాగే అరుస్తోంది. మొదటివాడికీ చివరివాడికీ ఒకే అరుపు.

గంట మోగింది. అర్నీ పక్కకి ఒరిగి బకెట్‌లోకి కక్కాడు. కక్కడం వింత కాదు, బకెట్ అందుకే పెడతారు. నాకు వింతగా తోచింది వేరే. బకెట్‌లో పడినవి నీళ్లు. పొద్దున తిన్న గుడ్డు లేదు, రొట్టె లేదు. ఉత్త నీళ్లు, సగం బకెట్.

నా పక్క కుర్చీలో మా క్లబ్బుకి పెద్ద అయిన బ్రాకెన్ పెన్ను మూత తీశాడు. ఒళ్లోని కాగితం మీద ఒక పేరుకి అడ్డంగా గీత పెట్టాడు.

"నీ చేపలోడు అయిపోయాడు, ఓరెస్ట్."

"ఒక్క సైకిల్‌కే?"

"యాభై నలుగురిలో యాభై రెండోవాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడికి జ్వరం."

"వాడు మంచు మీద ఆడటం నువ్వు చూడలేదు."

"మంచు మీద చూడటానికి నువ్వున్నావు. ఇక్కడ చూడటానికి నేనున్నాను. ఏడింటికి హోటల్లో జాబితా ఖాయం చేస్తాం. దీని గురించి మళ్లీ మాట్లాడకు."

నా పని కుర్రాళ్లను వెతకడం. కెనడాలో మానిటోబా, సస్కాచెవాన్ చలిలో ఊరూరూ తిరిగి, రింకుల్లో చెక్క బల్లల మీద కూర్చుని, పదిహేడు, పద్దెనిమిదేళ్ల మంచు హాకీ ఆటగాళ్లను చూసి క్లబ్బుకి రాసి పంపడం. ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. అర్నీ స్వైన్సన్‌ది విన్నిపెగ్ సరస్సు ఒడ్డున రివర్టన్. తండ్రికి చేపల పడవ ఉంది, వీపు నొప్పి కూడా ఉంది. అర్నీ పేరు మా జాబితాలో లేకపోతే ఇంకెవరి జాబితాలోనూ ఉండదు. మంచు తుఫానులో రివర్టన్ దాకా బండి నడిపిన పిచ్చివాణ్ని నేనొక్కణ్నే. రెండు వారాల్లో ఎంపిక, క్లబ్బులన్నీ వంతులవారీగా కుర్రాళ్ల పేర్లు పిలిచే రోజులు. పేరు పిలిస్తే శిక్షణ శిబిరానికి వెళతాడు. పిలవకపోతే తండ్రి పడవలో చుక్కాని పడతాడు. ఆ సంగతి ఫిబ్రవరిలో వాడే నాకు చెప్పాడు, ఏడుపు లేకుండా, బస్సు వేళలు చెప్పినట్టు.

ఆ రోజు ఆటలో వాడు చేసింది ఇప్పటికీ నా కళ్ల ముందుంది. పక్, అంటే ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ల, మూలన చిక్కుకుంది. అయిదుగురు దాని కోసం కొట్టుకుంటున్నారు. అర్నీ మాత్రం వాళ్లకి దూరంగా, ఎవరూ లేని చోటికి తాపీగా జారి, కర్ర మంచుకి ఆనించి నిలబడ్డాడు. రెండు సెకన్లు గడిచాయి. గుంపులోంచి పక్ ఎగిరి సరిగ్గా వాడి కర్ర దగ్గరికి వచ్చి ఆగింది. ఒకసారైతే అదృష్టం అనుకుంటాను. ఆ సాయంత్రం అది ఆరుసార్లు జరిగింది.

బ్రాకెన్ కాఫీకి లేచాడు. నేను బట్టలు మార్చుకునే గదికి వెళ్లాను. దారిలో గోడకి అంటించిన బరువుల పట్టిక చూశాను. స్వైన్సన్, నూట ఎనభై పౌండ్లు. ఫిబ్రవరిలో నేను నివేదికలో రాసిన అంకే. నేను అక్కడే ఆగిపోయాను.

మా వృత్తిలో ఒక అలవాటుంది. స్కౌట్, అంటే నాలా కుర్రాళ్లను వెతికేవాడు, తనకి నచ్చిన కుర్రాడి బరువుకి పది పౌండ్లు చేర్చి రాస్తాడు. ఎత్తుకి అంగుళం చేరుస్తాడు. అందరూ చేరుస్తారు కాబట్టి చేర్చనివాడి కుర్రాడు మరుగుజ్జులా కనిపిస్తాడు. పైవాళ్లకీ ఇది తెలుసు, పది తీసేసి చదువుకుంటారు. అందుకే పరీక్ష రోజు ఎవరి బరువూ మా అంకెకి సరిగ్గా రాదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు. అర్నీది వచ్చింది.

గదిలో వాడొక్కడే ఉన్నాడు. బల్ల మీద కూర్చుని తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పక్కన కూర్చోవడానికి వాడి సంచీ జరపబోయాను. బట్టల సంచీ అంత బరువుండదు. లోపల ఏదో గలగలమంది.

"తియ్యకండి, సార్."

తీశాను. నల్లటి లోదుస్తు. నడుము చుట్టూ చిన్న చిన్న అరలు, అర అరకీ వేలెడంత సీసపు గొట్టం. వల అడుగున కట్టేవి. కుట్టు చక్కగా ఉంది, ముడులన్నీ ఒకే కొలత.

"ఎవరు కుట్టారు?"

"నేనే. వలలు బాగుచేసే సూదితో."

"ఎంత?"

"నాలుగు పౌండ్లు. మిగతా ఎనిమిదీ నీళ్లు."

"ఎనిమిది పౌండ్ల నీళ్లా? చచ్చేవాడివిరా."

"మెల్లమెల్లగానే తాగాను సార్. తూకం అవగానే సీసం తీసేశాను. నీళ్లే మిగిలాయి. సగం బయటికి పోసుకున్నా, చూశారుగా సైకిల్ దగ్గర." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆ సైకిల్ ఏంటి సార్, రాయిలా ఉంది. ఇంటి దగ్గర జిమ్‌లో తొక్కితే అలా లేదు."

వాడికి తెలియదు. నాకు తెలుసు. ఆ సైకిల్ మీద అందరికీ ఒకే భారం పెట్టరు. తూకంలో ఎంత వస్తే అందులో ఇంత వంతు అని లెక్కకట్టి చక్రానికి బిగిస్తారు. నూట అరవై ఎనిమిది పౌండ్ల కాళ్లతో వాడు నూట ఎనభై పౌండ్లవాడి చక్రం తొక్కాడు. అదీ కడుపు నిండా నీళ్లతో. ఇరవై రెండేళ్లు ఆ హాల్లో కూర్చున్నవాణ్ని, ఈ ఒక్క ముక్కా ముందే వాడికి చెప్పాల్సింది. నాకు తట్టనే లేదు.

"ఎందుకు చేశావురా ఈ పని? బరువు లేవని తీసేస్తారనా?"

"అది కాదు సార్."

"మరి?"

అర్నీ ఆ లోదుస్తు నా చేతిలోంచి తీసుకున్నాడు. "మీరు రాసిన కాగితం మా కోచ్ చూపించాడు. నూట ఎనభై అని ఉంది. నేను ఎప్పుడూ అంత లేను. ఏప్రిల్ నుంచీ రోజుకి అయిదుసార్లు తిన్నా. మా అమ్మ చేసే కేకు మొత్తం నేనే తినేవాణ్ని. అయినా ఎక్కలేదు. ఇక్కడ తూచాక మీరు అబద్ధం రాశారని అంటారు కదా అని."

మేం అందరం చేసే పనే అది, మాకు అబద్ధంలా కూడా అనిపించదు. మాలో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోని పని. ఆ అంకెను నిజం చెయ్యడానికి ఒక కుర్రాడు నడుముకి సీసం కట్టుకుంటాడని ఎవరు ఊహిస్తారు?

"ఇక్కడే కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు."

నోరీన్ హాలు వెనక చిన్న గదిలో శాండ్‌విచ్ తింటోంది. తలుపు వేశాను.

"తలుపు వేశావంటే ఏదో దొంగపని అడగడానికే," అంది.

"ఒక లెక్క అడుగుతాను. తూకంలో పన్నెండు పౌండ్లు తప్పు పడితే సైకిల్ మీద ఎంత తేడా?"

నమలడం ఆపింది. "నా తూకం తప్పు పడదు."

"పడిందనుకో."

"చక్రం మీద ఒక పౌండు. ఒకటికి కాస్త ఎక్కువ. వినడానికి ఏమీ కాదు. మొదటి పదిహేను సెకన్లూ తెలీదు కూడా. చివరి పదిహేనూ అదే తినేస్తుంది." కళ్లు చిన్నవి చేసుకుని నన్ను చూసింది. "ఆ బకెట్ నిండా నీళ్లేంటా అనుకున్నాను. ఇంకేం పెట్టుకున్నాడు, జేబులో రాళ్లా?"

"సీసం. వల సీసం."

"దేవుడా." శాండ్‌విచ్ కింద పెట్టింది. "నీ అంకె కోసమేనా?"

ఆమెకి చెప్పాల్సిన పని లేదు. మా అలవాటు ఆమెకి మాకంటే బాగా తెలుసు. ఏటా జూన్‌లో మా అబద్ధాలన్నీ ఆమె తూకం మీదికే వచ్చి పడతాయి.

"సరైన భారంతో తొక్కితే ఎంత వస్తాడు?"

"మధ్యలో ఎక్కడో. కలలు కనకు. వాడు మొదటి పదిలోకి రాడు."

"మధ్య చాలు. సైకిల్ పాడైందని రాయి నోరీన్. మళ్లీ తొక్కిస్తావు."

ఆమె లేచి నిలబడింది. నా భుజం దాకా ఉంటుంది అంతే. అయినా నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఇరవై రెండేళ్లలో నా సైకిల్ ఒక్కసారీ పాడవలేదు. నువ్వు కాగితం మీద పది పౌండ్లు పెంచినట్టు నేను పెంచను. ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఈ గది గడప తొక్కనివ్వను."

"అయితే వాడి గతి?"

ఆమె సొరుగు తెరిచి నీలం అట్ట పుస్తకం ఒకటి తీసింది. తెరవలేదు. చేత్తో దాని మీద తట్టింది.

"ఇక్కడికొచ్చిన ప్రతి కుర్రాడూ ఇందులో ఉన్నాడు. ఆ తర్వాత ఎవడు ఎన్ని ఆటలు ఆడాడో కూడా రాస్తుంటాను. సైకిల్‌లో మొదటి పదిమందిలో నిలదొక్కుకున్నవాళ్లెంతమందో, చివరి పదిమందిలోనూ దాదాపు అంతేమంది. బ్రాకెన్ నెత్తిన పెట్టుకున్న ఆ కోవాల్ గుర్తున్నాడా? సైకిల్ విరిగిపోతుందేమో అనుకున్నాం. ఇప్పుడు రెజీనాలో ఇళ్ల పైకప్పులు వేస్తున్నాడు. నలభై ఎనిమిదో స్థానంలో ఒకడున్నాడు, బకెట్ చాలక నా బూట్ల మీద కక్కాడు. పదకొండేళ్లుగా ఆడుతున్నాడు."

"మరి ఈ సంగతి బ్రాకెన్‌కి ఎప్పుడూ చెప్పలేదేం?"

"కొలవమన్నారు, కొలుస్తున్నాను. కొలిచింది దేనికి పనికొస్తుందో నన్ను ఎవరూ అడగలేదు. ఇవాళ నువ్వు అడిగావు, అదీ నీకు అవసరం పడి." పుస్తకం సొరుగులో పెట్టేసింది. "నిబంధన ఒకటుంది. తూకంలో మోసమో పొరపాటో జరిగిందని సంతకం పెట్టి రాసిస్తే మళ్లీ తూచి మళ్లీ తొక్కించాలి. కానీ ఆ కాగితం గోడకి అంటిస్తాను. అన్ని క్లబ్బులవాళ్లూ చదువుతారు."

"కుర్రాడు సంతకం పెడితే వాడు మోసగాడు."

"అవును. నిబంధనలో కుర్రాడే పెట్టాలని లేదు."

ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టి మళ్లీ శాండ్‌విచ్ అందుకుంది.

నాకు అరవై ఒకటి. ఇంకో పని చేతకాదు. ఆమె శాండ్‌విచ్ తినడం పూర్తయింది. అప్పుడు రాశాను. ఫిబ్రవరిలో స్వైన్సన్ బరువు నూట డెబ్భై అని తెలిసి కూడా నూట ఎనభై అని రాశాననీ, ఆ అంకె కాపాడటానికే కుర్రాడు సీసం కట్టుకుని తూకం ఎక్కాడనీ, ఇది నా తప్పనీ రాశాను. ఇలా పెంచడం నాకు ఇరవై ఎనిమిదేళ్ల అలవాటని కూడా చేర్చాను. సంతకం పెట్టాను.

నోరీన్ చదివింది. "ఆ చివరి మాట అక్కర్లేదు."

"ఉండనీ."

నాలుగింటికి అర్నీ మళ్లీ తూకం ఎక్కాడు. నూట అరవై ఎనిమిది. హాల్లో అప్పటికే అందరూ గోడ దగ్గరికి వెళ్లి చదివి వచ్చారు. నా పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. వెనక వరసలోంచి ఒకడు, "సీసం తీశావా తమ్ముడూ, ఇంకా ఉందా?" అన్నాడు. కొందరు నవ్వారు. అర్నీ చెవులు ఎర్రబడ్డాయి గానీ తల తిప్పలేదు.

పొద్దున ఒకసారి చచ్చిన కాళ్లు. కడుపులో ఏమీ లేదు. నోరీన్ మళ్లీ అదే అరుపు అరిచింది. పంతొమ్మిదో సెకను దాటింది. ఇరవై అయిదు దాటింది. గంట మోగేదాకా చక్రం తిరుగుతూనే ఉంది. ఇరవై తొమ్మిదో స్థానం. నోరీన్ పొద్దుటి అంకె కొట్టేసి కొత్తది రాసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బ్రాకెన్ నన్ను బయట పార్కింగ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఏడింటి దాకా ఆగలేదు.

"పది పౌండ్లు అందరూ వేస్తారు, ఓరెస్ట్. ఎవరూ గోడకి అంటించరు."

"తెలుసు."

"ఇప్పుడు నీ పాత కాగితాలన్నీ ఏం చెయ్యమంటావు? అన్నిట్లోనూ పది తీసేసి చదవాలా?"

"ఇన్నాళ్లూ తీసేసే చదువుతున్నావుగా."

"అది వేరు." నిజంగానే అది వేరని అతను నమ్ముతున్నాడు. పదిహేడేళ్లు కలిసి పనిచేశాం. నా కూతురి పెళ్లిలో వంటవాళ్లు రాకపోతే మాంసం కోసింది అతనే. "తాళాలూ కార్డూ సోమవారం ఆఫీసులో ఇచ్చేయ్. నా చేతుల్లో లేదు."

"కుర్రాడు?"

"అడుగున రాస్తాను. పెన్సిల్‌తో."

"కొట్టెయ్యకుండా రాస్తావా?"

"ఇరవై తొమ్మిదోవాణ్ని కొట్టెయ్యడానికి కారణం లేదు. తీసుకోవడానికీ లేదు." కారు తలుపు తీసి ఆగాడు. "నిజంగా అంత బాగా ఆడతాడా?"

"ఒకసారి వచ్చి చూడు."

కారెక్కి వెళ్లిపోయాడు.

ఎంపిక రెండోరోజు నేను రివర్టన్‌లో ఉన్నాను. ఉండక్కర్లేదు. అయినా ఇంట్లో రేడియో ముందు ఒంటరిగా కూర్చోవడం నా వల్ల కాలేదు. రేవు దగ్గర షెడ్డులో అర్నీ, వాళ్ల నాన్న స్వైన్ వలలు సిద్ధం చేస్తున్నారు. వల అడుగున నాలుగు బారల మేర సీసపు గొట్టాలు లేవు. కత్తిరించిన చోట తాడు పీచుపీచుగా ఉంది. అర్నీ నేల మీద కూర్చుని ఆ గొట్టాలే ఒక్కొక్కటి తిరిగి కడుతున్నాడు. రేడియో కిటికీలో ఉంది.

"కాఫీ ఉంది ఓరెస్టూ, పోసుకో," అన్నాడు స్వైన్. "నా సీసం దొంగిలించి నీ పరువు నిలబెడదామనుకున్నాడట మావాడు. అడిగితే ఇవ్వకపోదునా?"

"అడిగితే నువ్వు తన్నేవాడివి నాన్నా."

"తన్ని ఇచ్చేవాణ్ని."

ఏడో విడత మొదలైంది. చివరిది. పేర్లు చదువుతున్నారు. ఊరు, ఎత్తు, బరువు. ప్రతి బరువు దగ్గరా నాకు తెలియకుండానే పది తీసేస్తున్నాను. మా క్లబ్బు వంతు వచ్చింది. అర్నీ సూది ఆగింది.

ఒంటారియో కుర్రాడి పేరు చదివారు. రెండు వందల పన్నెండు పౌండ్లు.

సూది మళ్లీ కదిలింది. ఆ తర్వాత పదిహేను పేర్లు వచ్చాయి. వాటిలోనూ అర్నీ లేడు. స్వైన్ లేచి, వీపు మీద చెయ్యి పెట్టుకుని, రేడియో కట్టేశాడు. కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు.

"గాలి దక్షిణానికి తిరిగింది. సాయంత్రం వలలు వేద్దాం," అన్నాడు.

"సరే నాన్నా."

అర్నీ తల ఎత్తకుండా అన్నాడు.

"వచ్చే ఏడు కూడా నా వయసు చెల్లుతుందట సార్. కోచ్ చెప్పాడు."

"చెల్లుతుంది. పంతొమ్మిదో ఏట కూడా తీసుకుంటారు."

"ఆ గోడ మీద కాగితం అందరూ చదివారు కదా. ఎవరైనా వస్తారా మళ్లీ?"

"తెలియదు." అబద్ధం చెప్పడం ఎంత సులువో అప్పుడు గుర్తొచ్చింది. "రాకపోవచ్చు. ఎవరైనా రాసి పంపాలి."

షెడ్డు మూలన చేపలు తూచే పెద్ద తక్కెడ ఉంది, ఇనప పళ్లెంతో. నేను దాని వైపు చూశాను. అర్నీ కూడా చూశాడు. చేతిలో వల పక్కన పెట్టి, బూట్లు విప్పి, జేబులు బయటికి లాగి చూపించి ఎక్కాడు.

"చేపని పొట్ట శుభ్రం చెయ్యకుండా తూస్తే కొనేవాడు ఒప్పుకోడు," అన్నాడు స్వైన్.

ముల్లు ఊగి ఊగి నిలిచింది. నూట అరవై ఆరు.

"రెండు తగ్గావురా."

"వలలు లాగుతున్నా కదా సార్."

బండిలోంచి కాగితాల దొంతర తెచ్చాను. ఏ క్లబ్బు పేరూ లేని తెల్లకాగితాలు. చేపల బల్ల తుడిచి దాని మీద పెట్టుకుని రాశాను. అర్నీ స్వైన్సన్. రివర్టన్. పద్దెనిమిదేళ్లు. నూట అరవై ఆరు పౌండ్లు, తక్కెడ మీద నేనే తూచాను. సైకిల్ పరీక్షలో యాభై నలుగురిలో ఇరవై తొమ్మిది. దాని కింద ఆ ఫిబ్రవరి సాయంత్రం గురించి రాశాను. మూలన చిక్కుకున్న పక్, కొట్టుకుంటున్న అయిదుగురు, ఎవరూ లేని చోట కర్ర ఆనించి నిలబడ్డవాడు. ఆరుసార్లు జరిగిందని రాశాను. ఆరే. ఏడు అని రాయలేదు.

సంతకం పెట్టి రెండో కాగితం తీశాను. అన్ని క్లబ్బులకీ చేత్తోనే రాయాలి. స్వైన్ నా కాఫీ మళ్లీ నింపాడు. అర్నీ బూట్లు తొడుక్కుని వల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఇంకా ఒక బార మిగిలి ఉంది.